చౌడు నేలలు: పుదుచ్చేరి తీరంలోనూ తెలుగు డెల్టాల్లోనూ సాగు చరిత్ర

కరిగే లవణాలు గానీ, సోడియం గానీ, రెండూ గానీ మోతాదు మించి చేరిన నేల చౌడు నేల. తెలుగు రైతులు దీన్ని రెండు రకాలుగా గుర్తుపడతారు. ఎండాకాలంలో గట్ల మీద, మడిలోని మిట్టల మీద తెల్లటి పొరలా ఉప్పు తేలితే అది పాలచౌడు. తడిస్తే జిగటగా, ఎండితే బండలా మారి నీటిని ఇంకనివ్వనిది కారుచౌడు. 1954లో అమెరికా లవణ నేలల ప్రయోగశాల వెలువరించిన కరదీపిక వీటికి కొలతలు ఇచ్చింది. నేల నుంచి తీసిన ద్రవంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసి సైమెన్లు దాటితే లవణ నేల అని, మట్టి రేణువులు పట్టి ఉంచే సోడియం 15 శాతం మించితే క్షార నేల అని నేటికీ ఆ లెక్కనే చెబుతారు.

ఏళ్ల తరబడి సాగు చేస్తే ఇలాంటి నేల బాగుపడుతుందా, పాడవుతుందా? రెండూ జరిగాయి. తేడా అంతా మట్టిలో నీరు ఏ దిక్కుకు నడుస్తుందన్న దాంట్లో ఉంది. వరి మడిలో మంచినీరు నిలిస్తే అది కిందికి ఇంకుతూ ఉప్పును వేళ్ల కిందికి తోసేస్తుంది. వరి వేళ్లు వదిలే బొగ్గుపులుసు వాయువు మట్టిలోని సున్నపు గుళ్లను కరిగిస్తుంది. అలా విడుదలైన కాల్షియం సోడియంను తప్పించి దాని చోట చేరుతుంది. జిప్సం వేసినా జరిగేది ఇదే, కాకపోతే త్వరగా జరుగుతుంది. పై జానెడు మట్టి ముందు మారుతుంది, లోపలి పొరలకు ఏళ్లు పడతాయి. పచ్చిరొట్ట పైరైన జీలుగను కలియదున్నుతూ పోతే సేంద్రియ కర్బనం మెల్లగా పెరిగి మట్టి గుల్లబారుతుంది. మురుగు పోయే దారి లేకుండా నీరు పెడుతూ పోతే మాత్రం భూగర్భ జలం పైకి లేస్తుంది. ఎండకు ఆ నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. మెసొపొటేమియాలో గోధుమ తగ్గి, ఉప్పును ఓర్చుకునే బార్లీ పెరగడానికి ఇదే కారణమని పరిశోధకులు జేకబ్‌సన్, ఆడమ్స్ 1958లో వాదించారు.

పుదుచ్చేరి పట్టణం చుట్టూ ఈ రెండు దారులూ కనిపిస్తాయి. పట్టణానికి దక్షిణాన ఉన్న బాహూరు ఈ ప్రాంతపు ధాన్యాగారం. 9వ శతాబ్దపు పల్లవ రాజు నృపతుంగవర్మ ఇక్కడి విద్యాస్థానానికి మూడు గ్రామాలు దానమిచ్చినట్టు బాహూరు తామ్రశాసనం చెబుతోంది. బాహూరు, ఊసుడు చెరువులు ఈశాన్య రుతుపవనాల వాన నీటిని పట్టి ఉంచేవి. ఆ నీరు పొలాలకు పారి, ఏటా ఉప్పును కడిగేది. ఫ్రెంచి వారి కాలంలో చెరువుల నిర్వహణ రైతు సంఘాల చేతుల్లో ఉండేది. మరమ్మతులకు ఆయకట్టు రైతులే డబ్బు సమకూర్చుకునేవారు. నేలను బతికించిన వ్యవస్థ అదేనని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

19వ శతాబ్ది చివర్లో ఇక్కడ తవ్విన కొన్ని బావుల్లో నీరు తనంతట తానే పైకి ఉబికి వచ్చేది. భూమి లోపలి ఆ ఒత్తిడే సముద్రపు నీటిని దూరంగా ఉంచింది. హరిత విప్లవం తర్వాత గొట్టపు బావులు పెరిగాయి, చెరువులు పూడిపోయాయి. తోడివేత ఎక్కువై నీటిమట్టం పడిపోవడంతో అరియాంకుప్పం, బాహూరు కమ్యూన్ల తీరపు అంచున ఉప్పునీరు లోపలికి చొరబడింది. ఆ నీటితోనే తడి పెడితే ఒక్కో పంటకూ కొంత ఉప్పు నేలలో మిగిలిపోతుంది. 1999లో యూరోపియన్ యూనియన్ సాయంతో 84 చెరువుల పునరుద్ధరణ మొదలైంది. 2002లో భూగర్భ జలాల నియంత్రణ చట్టం వచ్చింది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ పుదుచ్చేరి, కారైకాల్ తీరాల్లో పొలాల మీదికి ఉప్పునీటిని తెచ్చి పోసింది. చూసినవాళ్లు ఆ భూములు ఇక పనికిరావనుకున్నారు. అయితే తీరపు ఇసుక నేలల్లో ఆ ఉప్పు మరుసటి ఏడాది కురిసిన భారీ వానలకే చాలావరకు కొట్టుకుపోయింది. పైనుంచి వచ్చింది కనుక వాన దాన్ని కిందికి దించగలిగింది. బోరు నీటితో దశాబ్దాల పాటు చేరిన ఉప్పుకు మందు ఇంత తేలిక కాదు. అక్కడ బావిలోని నీరే చెడిపోయి ఉంటుంది.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన తెలుగు యానాం గోదావరి డెల్టాలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మంచినీరు డెల్టాలో చౌడును వెనక్కి నెట్టింది. కృష్ణా డెల్టాలో 1855 నాటి ఆనకట్ట కూడా ఆ పనే చేసింది. రెండు చోట్లా సమస్య కాలువల చివరి భూముల్లో, మురుగు కాలువలు పూడిన చోట మిగిలింది. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదిలాక, ఆ ఆయకట్టులోని కొణంకి వంటి చోట్ల ముంపూ చౌడూ తలెత్తాయి. 1990ల చివర్లో బాపట్ల శాస్త్రవేత్తలు డచ్చి సహకారంతో కొణంకిలోనూ, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులోనూ భూమిలో చిల్లుల గొట్టాలు పరిచారు. మట్టిని కడిగిన ఉప్పునీరు ఆ గొట్టాల గుండా బయటికి పోయేది. చౌడు తగ్గి వరి దిగుబడి పెరిగింది.

బాపట్ల ఇసుక నేలల్లో రైతులు దొరువు అనే లోతు తక్కువ గుంట తవ్వి, ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొరను మాత్రమే తోడుకునేవారు. లోతుగా తవ్వితే ఉప్పునీరు పైకొస్తుందని వాళ్లకు తెలుసు. పరిశోధకులు ఆ దొరువునే మెరుగుపరిచి, పక్కలకు చిల్లుల గొట్టాలు చేర్చి పొలానికి సరిపడా నీరు తీసే పద్ధతి రూపొందించారు. మచిలీపట్నం పరిశోధనా స్థానం చౌడును తట్టుకునే ఎంసీఎం వరి రకాలను ఇచ్చింది. చౌడు మడిలో ముదురు నారును, కుదురుకు నాలుగైదు మొక్కల చొప్పున నాటాలని, ఊడ్పుకు ముందు మంచినీరు పెట్టి ఉప్పునీటిని రెండు మూడు సార్లు బయటికి తీసేయాలని వ్యవసాయ శాఖ చెబుతోంది.

1990ల్లో వరి పొలాలు రొయ్యల చెరువులయ్యాక ఉప్పు మళ్లీ పెరిగింది. ఉప్పు చెరువు పక్కనున్న మడిలోకి ఊట దిగి, చెరువు తవ్వని రైతు కూడా నష్టపోయాడు. ఈ గొడవ మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇస్తూ, వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని ఆదేశించింది.