పాడా పండుగ

వంగీయులు వాడను ‘పాడా’ యందురు. పాడా యంతయు నొక్క కుటుంబమై వీధిలో పండుగ చేసికొనుట నేటికిని గలదా యని పలువురు ప్రశ్నించుచున్నారు.

పూర్వము వంగదేశమున దుర్గాపూజ జమీందారుల లోగిళ్లలో జరుగుచుండెను. ఇరుగుపొరుగువారు అచట అతిథులు మాత్రమే. పదునెనిమిదవ శతాబ్దమున హుగ్లీ తీరమందలి గుప్తిపాడాలో పండ్రెండుగురు మిత్రులు చందాలు వేసికొని దేవీపూజ జరిపిరని ప్రసిద్ధి. ‘బారో’ యనగా పండ్రెండు, ‘యార్’ అనగా మిత్రుడు. అట్టి పూజకు ‘బారోయారి’ యను పేరు అందుండి వచ్చెను. 1910లో కలకత్తాలోని భవానీపూర్‌లో వాడవారందఱు కలిసి పూజ జరిపిరి. ఇట్టివానికే పిమ్మట ‘సార్వజనీన’ పూజలని పేరు వచ్చెను.

నేడు కోల్‌కతా పూజను చూడ లక్షలాది జనులు వచ్చుచున్నారు. 2021లో యునెస్కో దీనిని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చెను. వీధి తోరణములపై వాణిజ్య సంస్థల ప్రకటనలు వెలసినవి. పెద్ద పందిళ్ల వ్యయమునకు చందాలు చాలవు, నిజమే. కాని యొక్క రూపాయి చందా యిచ్చినవానికైనను ఆ పండుగ తనదను హక్కు గలిగెడిది. వ్యయమంతయు సంస్థలే భరించినచో వాడవారు, జమీందారుల కాలమునందువలె, మరల అతిథులుగనే మిగులుదురు.

అయినను పూజాదినములలో పొరుగువారే వడ్డించు ఖిచురీ భోగమును పంక్తిని గూర్చుండి భుజించు వీధులు నేటికిని గలవు. దశమినాడు నిమజ్జనానంతరము ఇంటింటికిని పోయి పెద్దలకు మ్రొక్కుదురు, మిఠాయిలు పంచుకొందురు. ఆ వడ్డన, ఆ రాకపోకలు ఉన్నంతవరకు పాడా పండుగ నిలిచియున్నదనియే చెప్పవలెను.