బట్టిపనుకుల అన్నదమ్ములు

చైత్రం వస్తే అరకు లోయ చుట్టుపట్ల ఊళ్లలో ఇటుకల పండుగ జరుపుకుంటాం. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. ఇప్పుడు అడవిలో వేట ఏముంది, పేడనీళ్లే మిగిలాయి అని మా పెద్దలు నవ్వుతారు. అయితే ఆ ఎగతాళిలో ఒక న్యాయం ఉంది. పేడనీళ్లు పడినవాణ్ణి ఊరు చేతకానివాడని పక్కన పెట్టదు. వచ్చే ఏడు మళ్లీ అందరితో పాటే తీసుకుపోతుంది. గురి, ఓర్పు, అడుగు చప్పుడు కాకుండా నడవడం మనిషివి. జంతువు గట్టుకు ఏ పక్కన దిగుతుందన్నది మాత్రం మనిషి చేతిలో లేదు. ఈ సంగతి వేటకు పోయే ప్రతివాడికీ తెలుసు.

చరిత్ర రాసేటప్పుడు మాత్రం ఇది మరిచిపోతాం. బతికి పేరు తెచ్చుకున్నవాడు అందుకే పుట్టాడన్నట్టు, మిగిలినవాళ్లు మిగిలిపోవడానికే పుట్టారన్నట్టు రాస్తాం. మన్యం పితూరీ గురించి వచ్చిన పుస్తకాలు చదివినప్పుడల్లా మాకు ఈ వెలితి కనబడుతుంది. అందుకే ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరి గురించి రాయాలనుకున్నాం.

వాళ్లు గాం గంటందొర, గాం మల్లుదొర. ఊరు బట్టిపనుకుల. ఇది మా అరకు వైపు కాదు, దక్షిణాన గూడెం కొండల వైపు ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు ప్రాంతాలూ అందులోకి వచ్చాయి. దానికి చాలా ముందు నుంచే రెండు చోట్లా కష్టం ఒకటే. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టడం, అడవిలో ఫలసాయం ఏరుకోవడం నేరమైపోయాయి. కొండల్లో ఊళ్లను కలిపి చూసుకునే ముఠాదారుల మాటకు విలువ తగ్గి, కచేరీ గుమాస్తాల మాటకు పెరిగింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయించాడు. ఆ పనికి మనవాళ్లను తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. గాం వారి ఇంటికి ఈ బాధ రెండింతలు. ఊరి మునసబు పదవి పోయింది, దానితో భూమి చిక్కులూ వచ్చాయి. కాబట్టి అన్నదమ్ములిద్దరికీ కోపం ఒకటే, కారణం ఒకటే, తిన్న కంచం కూడా ఒకటే.

ఇక సీతారామరాజు సంగతి. 1897 జూలై 4న మైదానంలో పుట్టినవాడు. సన్యాసి వేషంలో దేశం తిరిగి కృష్ణదేవిపేట చేరాడు. తిరిగే మనిషి ఎక్కడైనా ఆగవచ్చు, ఇక్కడ ఆగాడు. తిరుగుబాటుకు కొద్ది నెలల ముందు ప్రభుత్వం ఆయన్ని అనుమానించి నిఘా పెట్టింది. ఫజులుల్లా ఖాన్ అనే అధికారి మంచి మనసుతో పైడిపుట్ట దగ్గర ఆయనకు భూమి ఇప్పించాడు. ఆ భూమిలో కుదురుకుని ఉంటే ఆయన ఒక స్వాములవారిగా, రైతుగా మిగిలేవాడేమో. కుదురుకోలేదు. అది ఆయన స్వభావం. అదే సమయానికి రోడ్డు పని కింద నలిగి, కోపంతో ఉన్న మనుషులు ఆయనకు దొరికారు. దాన్ని స్వభావం అనలేం. రెండూ కలిశాయి కాబట్టే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల్లో తుపాకులు చేతులు మారాయి.

అన్నదమ్ములిద్దరూ ఆ దండులో ఉన్నారు.

ఒక నెల తర్వాత, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో కాపు కాసినవాళ్లు కవర్డ్, హెయిటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కాల్చి చంపారు. ముందు నడిచిన మన దేశపు పోలీసులను దాటిపోనిచ్చారు. ఆ వరుసలో ముందు నడిచిన కానిస్టేబుల్ ఇంటికి పోయి అన్నం తిన్నాడు. తెల్లదొరల విషయంలో అది అదృష్టం కాదు, గురి చూసి ఎంచుకున్నదే. ఆ జవానుకు మాత్రం తానెందుకు బతికాడో ఆ క్షణంలో తెలిసి ఉండదు. గాలి ఎప్పుడూ ఒకే వైపు వీచలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మనవాళ్లే దెబ్బతిన్నారు. అక్కడ పడిపోయినవాళ్ల పేర్లు మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1923 నాటికి అన్నదమ్ముల దారులు వేరయ్యాయి. గంటందొర రాజును వదలలేదు. మల్లుదొర ప్రధాన దండుకు దూరంగా, తన మనుషులతో వేరుగా తిరిగాడు. మనస్తత్వాల్లో తేడా ఉందని ఇక్కడ ఒప్పుకోవాలి. ఒకే తల్లి పాలు తాగినా ఒకరు ఒక మనిషిని నమ్మి వెంట ఉండే రకం, ఒకరు తన దారి తాను చూసుకునే రకం. ఇందులో ఎవరు మంచి, ఎవరు చెడు అని మేం తీర్పు చెప్పం. మల్లుదొర గురించి తక్కువగా రాసినవాళ్లు అతను పట్టుబడ్డాడన్న ఒక్క సంగతి నుంచే వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయారని మా అభిప్రాయం.

మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. ఆ రోజున చూసిన ఎవరైనా అతని కథ అయిపోయిందనే అనుకుంటారు. అయిపోయినట్టే ఉంది కూడా, కోర్టు ఉరిశిక్ష వేసింది. గంటందొర ఇంకా కొండల్లో స్వేచ్ఛగా ఉన్నాడు. ఇద్దరిలో అదృష్టవంతుడు ఎవరని అప్పుడు అడిగితే అందరూ గంటందొర పేరే చెప్పేవారు.

ఎనిమిది నెలల్లో అది తలకిందులైంది. 1924లో ప్రభుత్వం పద్ధతి మార్చింది. అస్సాం రైఫిల్స్ వచ్చింది. రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనరుగా వచ్చి ఊళ్ల మెడ బిగించాడు. మే 7న రాజు మంప దగ్గర పట్టుబడ్డాడు. ఆయన్ని కోర్టుకు పంపలేదు, కొయ్యూరులో కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా తూటాలకు పడిపోయాడు. అంటే 1923లో చిక్కినవాడు చట్టం చేతికి చిక్కాడు. 1924లో చిక్కినవాడు నేరుగా తుపాకీకి చిక్కాడు. చట్టం క్రూరమైనదే. అయినా దానికి అప్పీలు ఉంది, కాగితం ఉంది, కాగితం కదలడానికి పట్టే రోజులు ఉన్నాయి. మల్లుదొర ఉరిశిక్ష యావజ్జీవ ప్రవాసంగా మారింది. ఓడ ఎక్కించి అండమాన్ పంపారు. పట్టుబడటమనే దురదృష్టమే అతని ప్రాణం కాపాడింది. అతను ముందుచూపుతో చేసింది కాదు అది. గంటందొర తప్పు చేసి పోగొట్టుకున్నదీ కాదు.

పదేళ్లకు మించి జైలు జీవితం గడిపి అతను తిరిగొచ్చాడు. అండమాన్ నుంచి తిరిగి రానివాళ్లు చాలామంది. శరీరం గట్టిదా, మనసు గట్టిదా, లేక జ్వరం అతన్ని దాటి పక్క గదిలో దూరిందా, మేం చెప్పలేం. 1952లో స్వతంత్ర భారతంలో మొదటి ఎన్నికలు జరిగాయి. అప్పటికి విశాఖపట్నం ఇద్దరు సభ్యులున్న లోక్‌సభ స్థానం. లంకా సుందరంతో పాటు గాం మల్లుదొర స్వతంత్ర అభ్యర్థిగా గెలిచాడు. ఇంగ్లీషు ప్రభుత్వం ఉరి తీస్తానన్న మనిషి ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడై కూర్చున్నాడు. అలాంటి రెండు సభ్యుల స్థానాలు 1961 చట్టంతో పోయాయి. అరకు పేరుతో లోక్‌సభ నియోజకవర్గం రావడానికి 2009 ఎన్నికల దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక ఇంటి నుంచి ఇద్దరు. ఒకరికి తూటా, ఒకరికి పార్లమెంటు. రక్తం, కులం, ఊరు, కారణం అన్నీ ఒకటైనప్పుడు తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే స్వభావం కొంత కనబడుతుంది. కాలెండరులో తేదీ అంతకన్నా ఎక్కువ కనబడుతుంది.

మా జీవితాల్లోనూ ఇదే చూశాం. మాలో ఒకరు, అక్కాచెల్లెళ్లలో చిన్నది. పంతులు బడికి పిల్లల పేర్లు రాసుకోవడానికి ఊరికొచ్చిన రోజు అక్క ఆవులు తోలుకుని కొండమీదికి పోయింది. చెల్లి చలిజ్వరంతో ఇంట్లో గొంగడి కప్పుకుని పడుకుంది. ఇంట్లో ఉన్న పిల్ల పేరే పుస్తకంలోకి ఎక్కింది. ఈరోజు చెల్లి ఈ వ్యాసం రాస్తున్న చేతుల్లో ఒకటి. అక్క కాఫీ తోటలో కాయ కోస్తుంది. బుర్రలో అక్కే చురుకు. గట్టు మీద ప్రతి చెక్క పేరు, ఏ ఏడు అందులో ఏం వేశారో తప్పు లేకుండా చెబుతుంది. చెల్లికి కాగితం చూడందే ఏదీ గుర్తుండదు.

అయితే అన్నిటినీ జ్వరం మీదకో తేదీ మీదకో తోసేస్తే మాకు మేమే అన్యాయం చేసుకున్నట్టు. ఘాట్ కింద, అయిదో షెడ్యూలు గీతకు బయట పడిపోయిన గిరిజన గ్రామాలు ఉన్నాయి. అక్కడివాళ్లు మావాళ్లే, చుట్టరికాలూ ఉన్నాయి. గీతకు ఇవతల భూమిని గిరిజనేతరుడు కొనకుండా 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, మేం 1/70 అని పిలిచేది, అడ్డుపడుతుంది. అవతల పడదు. ఒక పిల్ల గీతకు ఏ పక్కన పుట్టిందన్నది ఆ పిల్ల వరకు దైవాధీనం. ఆ గీతను మాత్రం దైవం గీయలేదు. కచేరీలో బల్ల ముందు కూర్చున్న మనిషి గీశాడు. పంతులు మళ్లీ మర్నాడు వచ్చి ఉంటే అక్క పేరూ ఎక్కేది. రెండోసారి రాకపోవడం కూడా ఎవరో చేసిన ఏర్పాటే. వేటలో జంతువు ఏ పక్కకు మళ్లిందో ఎవరూ అడగలేరు. గట్టుకు ఒక పక్కనే దారి ఎందుకు వేశారో అడగవచ్చు.

అందుకే పితూరీ కాలం జ్ఞాపకాల కోసం పెద్దవాళ్ల దగ్గరకు పోయినప్పుడు, మీ తాతల్లో ఎవరు వీరులు అని అడగడం మానేశాం. అలా అడిగితే అందరూ ఎక్కడో విన్న పేర్లే తిప్పి చెబుతున్నారు. ఆ రోజు మీ ఇంట్లో ఎవరు ఎక్కడున్నారు అని అడుగుతున్నాం. అప్పుడు మాటలు వస్తాయి. గూడెం వైపు ఒక ముసలమ్మ చాలాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: "దండు ఊర్లోకి వచ్చి మగాళ్లని పిలిచిన నాడు మా తాత ఉప్పుకని సంతకెళ్లిపోనాడమ్మా. మా పెదతాత ఇంటికాడే ఉన్నాడు. ఆడెళ్లాడు, మరి రాలేదు. మేమందరం ఉప్పుకెళ్లినోడి పిల్లలం."