ట్రాక్టరు ట్రక్కులో బరువు సర్దుబాటు

ట్రాక్టరు ట్రక్కులో బరువు సర్దుబాటు అనగా ట్రాక్టరు వెనుక తగిలించి లాగే రెండు చక్రాల ట్రైలరులో సరుకును ఇరుసుకు ముందు, వెనుక తగిన పాళ్ళలో అమర్చే పద్ధతి. సరుకు బరువులో ఎక్కువ భాగం ట్రైలరు చక్రాలు మోయాలి. కొద్ది భాగం మాత్రం ముందున్న హుక్కు ద్వారా ట్రాక్టరు మీద పడాలి. ఈ భాగం మరీ ఎక్కువైనా, అసలు లేకపోయినా వాహనం అదుపు తప్పుతుంది. గుంటూరు, బాపట్ల జిల్లాలలో ట్రైలరును ట్రక్కు అనీ, ట్రాలీ అనీ వ్యవహరిస్తారు. ట్రైలరు నుండి ముందుకు వచ్చి హుక్కుకు తగిలే ఇనుప చట్రాన్ని, ఎడ్లబండితో పోలికను బట్టి, ఈ వ్యాసంలో నొగ అని పేర్కొనడమైనది.

నేపథ్యం

కాకుమాను గుంటూరు జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో బాపట్ల, రేపల్లె ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరగా, కాకుమాను, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. ఇది కృష్ణా పశ్చిమ డెల్టా ప్రాంతం. కాలువల కింద వరి, వరి కోసిన తరువాత మినుము, జొన్న, మొక్కజొన్న పండిస్తారు. మెట్ట వైపు పత్తి, మిరప పండుతాయి.

పంట చేను నుండి ఇంటికి గాని, మిల్లుకు గాని, గుంటూరు మిర్చి యార్డుకు గాని చేరాలంటే మొదటి మజిలీ సాధారణంగా ట్రక్కు మీదనే జరుగుతుంది. ఈ ప్రయాణంలో మూడు చిక్కులు ఉన్నాయి. చేను పల్లంలో ఉంటుంది, డొంక ఎత్తులో ఉంటుంది. డొంకకు ఒక పక్కన తరచుగా కాలువో మురుగు కాలువో ఉంటుంది. వాన పడినప్పుడు నల్లరేగడి నేలలో చక్రాలు దిగబడి లోతైన గాళ్ళు పడతాయి. ఈ మూడింటి వలన, చదునైన తారురోడ్డు మీద బయటపడని సర్దుబాటు లోపం పొలం దారిలో బయటపడుతుంది.

ఎడ్లబండిలో బరువు

ఈ సూత్రం ట్రాక్టరుతో వచ్చినది కాదు. రెండెడ్ల బండి కూడా ఒకే ఇరుసు మీద నిలిచే వాహనమే. బండిలో సరుకు ముందుకు మొగ్గితే బరువు కాడి ద్వారా ఎడ్ల మెడల మీద పడుతుంది. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాళ్ళు ఎడ్ల గొంతును నొక్కుతాయి. అందువలన బండి తోలేవారు కాడి మెడ మీద ఆనీ ఆననట్లు ఉండేలా సరుకు సర్దేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు తోలేవాడు నొగ మీదికి జరిగి కూర్చొనడం, పల్లం దిగేటప్పుడు వెనుకకు జరగడం ఇందుకొరకే.

బండికీ, ట్రక్కుకూ ఉన్న తేడా ఒకటే. బరువు తప్పుగా పడితే ఎద్దు నడకలో వెంటనే తెలిసిపోతుంది. ట్రాక్టరు అటువంటి హెచ్చరిక ఇవ్వదు. ముందు చక్రాలు తేలిపోయే వరకు, లేదా వెనుక చక్రాలు జారే వరకు, లోపం డ్రైవరుకు తెలియకపోవచ్చును.

సూత్రం

హుక్కు మీద పడే బరువును తులాదండ సూత్రంతో లెక్కించవచ్చును. సరుకు గరిమనాభి ఇరుసుకు ఎంత ముందుగా ఉన్నదో ఆ దూరాన్ని సరుకు బరువుతో గుణించి, హుక్కు నుండి ఇరుసుకు ఉన్న దూరంతో భాగించాలి.

ఉదాహరణ: తొట్టి పొడవు 3 మీ., హుక్కు నుండి ఇరుసుకు దూరం 3 మీ. అనుకొందాము. ఇరుసును తొట్టి మధ్యకు 30 సెం.మీ. వెనుకగా అమర్చారు. తొట్టిలో 75 కి.గ్రా. ధాన్యం బస్తాలు 40 సమంగా పేర్చితే మొత్తం 3,000 కి.గ్రా. గరిమనాభి ఇరుసుకు 30 సెం.మీ. ముందు ఉంటుంది కాబట్టి హుక్కు మీద పడే బరువు 300 కి.గ్రా., అనగా సరుకులో పదవ వంతు. (ఖాళీ ట్రక్కు సొంత బరువును ఈ లెక్కలోకి తీసుకోలేదు.)

ఇప్పుడు ముందు వరుసలోని 6 బస్తాలను తీసి, 2.4 మీ. వెనుకకు వేశామనుకొందాము. మొత్తం బరువు మారలేదు. కాని హుక్కు మీద బరువు 360 కి.గ్రా. తగ్గి, 300 కి.గ్రా. బదులు 60 కి.గ్రా. బలం పైకి పనిచేస్తుంది. నలభై బస్తాలలో ఆరు తప్పుచోట పడితే చాలు, నొగ లేవడానికి ప్రయత్నిస్తుంది. ట్రక్కులో ఎంత బరువు వేశారు అనే ప్రశ్నతో పాటు, ఆ బరువు ఎక్కడ వేశారు అనే ప్రశ్న కూడా ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

నాలుగు చక్రాల ట్రైలరులో ముందు ఇరుసు కూడా బరువు మోస్తుంది. దాని నొగ లాగడానికే గాని మోయడానికి కాదు. కావున పై లెక్క దానికి వర్తించదు. ఎత్తు, పక్కవాలు గురించి కింద చెప్పిన విషయాలు మాత్రం రెండింటికీ వర్తిస్తాయి.

ట్రాక్టరు మీద ప్రభావం

హుక్కు ట్రాక్టరు వెనుక ఇరుసుకు కూడా వెనుకగా ఉంటుంది. అందువలన హుక్కును కిందికి నొక్కితే ట్రాక్టరు ముందు భాగం తేలికవుతుంది. హుక్కును పైకి ఎత్తితే వెనుక చక్రాలు తేలికవుతాయి.

* బరువు ఎక్కువైతే: ట్రాక్టరు బరువు 2,000 కి.గ్రా., అందులో ముందు చక్రాల మీద 750 కి.గ్రా. ఉన్నదనుకొందాము. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 190 సెం.మీ., హుక్కు వెనుక ఇరుసుకు 60 సెం.మీ. వెనుక ఉన్నది. హుక్కు మీద 300 కి.గ్రా. పడితే ముందు చక్రాల నుండి సుమారు 95 కి.గ్రా. తగ్గుతుంది. 900 కి.గ్రా. పడితే సుమారు 285 కి.గ్రా. తగ్గి 465 కి.గ్రా. మాత్రమే మిగులుతుంది. ట్రాక్టరు బరువులో కనీసం ఐదవ వంతు, అనగా ఈ ఉదాహరణలో 400 కి.గ్రా., ముందు చక్రాల మీద ఉండాలనేది సాధారణ నియమం. లేనిచో స్టీరింగు తిప్పినా ట్రాక్టరు తిరగదు. గట్టు ఎక్కేటప్పుడు లాగే బలం వలన ముందు భాగం ఇంకా తేలికవుతుంది.
* బరువు లేకపోతే: నొగ హుక్కును పైకి ఎత్తుతుంది. వెనుక చక్రాలకు నేల మీద పట్టు తగ్గి, బురదలోనూ ఎత్తులోనూ జారతాయి. బ్రేకులు వేసినప్పుడు ఆగే దూరం కూడా పెరుగుతుంది.

ట్రక్కును ట్రాక్టరుకు కింది భాగంలో ఉన్న హుక్కుకే తగిలించాలి. ఎత్తైన చోట తగిలించి లాగితే ట్రాక్టరు వెనుకకు తిరగబడే ప్రమాదం ఉన్నది.

ఎత్తు, వాలు

చేనులో నుండి డొంక ఎక్కేటప్పుడు ట్రక్కు వెనుకకు వాలుతుంది. దానితో సరుకు గరిమనాభి కూడా ఇరుసు వైపుకు జరుగుతుంది. ఎంత జరుగుతుంది అనేది సరుకు ఎత్తును బట్టి ఉంటుంది. ఆరడుగులకు ఒక అడుగు లేచే వాలులో, గరిమనాభి హుక్కు కంటే 1 మీ. ఎత్తులో ఉంటే సుమారు 17 సెం.మీ. వెనుకకు జరిగినట్లే. పై ఉదాహరణలోని 30 సెం.మీ.లో 13 సెం.మీ. మాత్రమే మిగులుతుంది. ఎత్తు 1.8 మీ. అయితే ఏమీ మిగలదు. చదునులో సరిగ్గా ఉన్న ట్రక్కు గట్టు మీద నొగ లేపడానికి కారణం ఇదే.

పక్కవాలు మరింత ప్రమాదకరం. రెండు చక్రాల మధ్య దూరం 1.6 మీ. అయితే, గరిమనాభి నేల నుండి 1.6 మీ. ఎత్తులో ఉన్న ట్రక్కు నిలిచి ఉన్నప్పుడు ఒక చక్రం సుమారు 72 సెం.మీ. లేచే వరకు పడిపోదు. గరిమనాభి 2.4 మీ. ఎత్తులో ఉంటే 51 సెం.మీ. చాలు. కదులుతున్న ట్రక్కుకు, ముఖ్యంగా మలుపులో, ఇంతకన్నా చాలా తక్కువ సరిపోతుంది. ఒక చక్రం గాడిలో దిగి, రెండవ చక్రం డొంక మధ్య గట్టు మీద ఉంటే ఈ దూరంలో కొంత ముందే ఖర్చయిపోతుంది.

సరుకును బట్టి జాగ్రత్తలు

* ధాన్యం, మినుములు: బరువైన బస్తాలు. అడుగు వరుస తొట్టి అంతటా సమంగా పేర్చి, పై వరుసలలో మిగిలే బస్తాలను ఇరుసు మీదికి, దానికి కొంచెం ముందుకు వేయాలి. వెనుక తలుపు దగ్గర పోగు చేయరాదు.
* మిరప టిక్కీలు, పత్తి: తేలికైనవి కాబట్టి ఎత్తుగా వేస్తారు. మొత్తం బరువు తక్కువైనా గరిమనాభి ఎత్తు పెరుగుతుంది. తాళ్ళు బిగించి కట్టాలి.
* వరిగడ్డి: తొట్టిని దాటి నాలుగు వైపులా పెరుగుతుంది. ఒక పక్కకు ఒరిగిన గడ్డిమోపును దారిలో సర్దడం కష్టం. వెనుక వచ్చేవారికి దీపాలు కనిపించవు. తీగలకు తగిలే అవకాశం కూడా ఉన్నది.
* నీళ్ళ ట్యాంకు: నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని ఉన్న ట్యాంకు కంటే సగం నిండినది ప్రమాదకరం. నీరు మలుపులో పక్కకు, ఎత్తులో వెనుకకు పరుగెత్తి గరిమనాభిని మార్చివేస్తుంది. ట్యాంకు లోపల అడ్డురేకులు ఉంటే ఈ కదలిక తగ్గుతుంది.

ఎత్తడం, దించడం

ట్రక్కును ట్రాక్టరుకు తగిలించిన తరువాతనే సరుకు ఎత్తాలి. మొదట ముందు భాగంలో, తరువాత ఇరుసు మీద, చివరకు వెనుక భాగంలో వేయాలి. దించేటప్పుడు వెనుక నుండి మొదలుపెట్టాలి. ముందు బస్తాలను మొదట దించితే నొగ ఒక్కసారిగా లేచే అవకాశం ఉన్నది. పిన్ను తీసిన ట్రక్కులో ఇది జరిగితే దగ్గర ఉన్న మనిషికి ముఖం మీద గాని, గడ్డం కింద గాని దెబ్బ తగులుతుంది. కావున సరుకు ఉన్న ట్రక్కు పిన్ను తీసే ముందు నొగ కింద ఊత పెట్టి, చక్రాలకు ముందు, వెనుక అడ్డు వేయాలి.

హైడ్రాలిక్ ట్రక్కు తొట్టి లేచేటప్పుడు సరుకు వెనుకకు జరిగి హుక్కు మీద బరువు తగ్గిపోతుంది. గట్టి, చదును నేల మీద మాత్రమే తొట్టి లేపాలి. పైన కరెంటు తీగలు లేకుండా చూసుకోవాలి.

కొలిచే విధానం

హుక్కు మీద పడే బరువును లారీ కాటా మీద సులభంగా తెలుసుకొనవచ్చును.

1. ట్రక్కును తగిలించి ఉంచి, ట్రాక్టరు కాటా దాటి ముందుకు వెళ్ళిన తరువాత, ట్రక్కు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండగా తూకం వేయాలి.
2. పిన్ను తీసి, నొగను కాటా మీదనే ఊత మీద నిలిపి, ట్రక్కు మొత్తాన్ని తూకం వేయాలి.
3. రెండవ తూకంలో నుండి మొదటి తూకాన్ని తీసివేస్తే వచ్చేది హుక్కు మీది బరువు.

కాటా లేనిచోట కంటితో కొంతవరకు చెప్పవచ్చును. చదునైన నేల మీద తొట్టి అడుగు సమంగా గాని, ముందుకు రవ్వంత వాలి గాని ఉండాలి. పిన్ను పైకి నెట్టుకొని బిగిసి ఉంటే బరువు వెనుక ఉన్నట్లు. బయలుదేరేటప్పుడు స్టీరింగు మరీ తేలికగా తిరిగితే బరువు ముందుకు ఎక్కువైనట్లు.

తోలేటప్పుడు, రోడ్డు మీద ఎడమ, కుడి బ్రేకు పెడళ్ళను కలిపి బిగించాలి. విడివిడిగా ఉంటే ఒక చక్రమే ఆగి, వెనుక నుండి నెట్టే ట్రక్కు ట్రాక్టరును అడ్డం తిప్పుతుంది. గట్టు దిగేటప్పుడు న్యూట్రలులో దిగరాదు. ఎక్కిన గేరులోనే దిగాలి.

ట్రక్కులలో మనుషుల ప్రయాణం

నాట్లకు, కలుపుకు, మిరపకాయ కోతకు కూలీలను, పెళ్ళిళ్ళకు బంధువులను ట్రక్కులలో తీసుకొనివెళ్ళే అలవాటు తెలుగునాట విస్తారంగా ఉన్నది. నలభై బస్తాలు మోసిన ట్రక్కుకు ముప్పై మంది బరువు ఒక లెక్క కాదని అనిపించవచ్చును. మనిషికి 60 కి.గ్రా. చొప్పున 1,800 కి.గ్రా. మాత్రమే అవుతుంది. అయితే తొట్టి అడుగు నేల నుండి 1 మీ. ఎత్తున ఉంటే, నిలబడిన మనుషుల గరిమనాభి సుమారు 2 మీ. ఎత్తుకు చేరుతుంది. పైగా ఈ బరువు కదులుతుంది. ట్రక్కు ఒరిగినప్పుడు అందరూ ఒరిగిన వైపుకే తూలుతారు. పక్క తలుపుల మీద కూర్చున్నవారు మొదట పడిపోతారు. ఏ విధంగా సర్దినా మనుషుల బరువు స్థిరంగా ఉండదు కాబట్టి, దీనికి సరైన సర్దుబాటు అంటూ లేదు.

కొన్ని ప్రమాదాలు:

* 2018 ఏప్రిల్ 6: నల్గొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మహిళలు మరణించారు.
* 2018 జూన్ 24: యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు ట్రక్కు మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు.
* 2023 జూన్ 5: గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలంలో శుభకార్యానికి వెళ్తున్న గ్రామస్థుల ట్రాక్టరు ట్రక్కు బోల్తాపడి కనీసం ఆరుగురు మరణించారు.

ఒక్కొక్క ప్రమాదానికి కారణాలు వేరుగా ఉండవచ్చును. మృతుల సంఖ్య ఇంత ఎక్కువగా ఉండడానికి మాత్రం ట్రక్కులో మనుషులు ఉండడమే మూలం.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 113వ సెక్షను వాహనం మోయదగిన బరువుకు పరిమితి విధిస్తుంది. 2019 సవరణ తరువాత 194వ సెక్షను ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు విధించవచ్చును. సరుకు తొట్టి పక్కలకు, ముందు వెనుకలకు, ఎత్తుకు అనుమతిని మించి పెరిగినా 20,000 రూపాయల జరిమానా ఉన్నది.

సరుకుల ట్రక్కులో ప్రయాణించేవారికి బీమా రక్షణ కూడా సందేహమే. ట్రక్కు మీద వెళ్తూ గాయపడిన ఒక కూలీ కేసులో 2007లో సుప్రీంకోర్టు బీమా సంస్థకు బాధ్యత లేదని తేల్చింది. అయితే ప్రత్యేకాధికారాన్ని వినియోగించి, ముందుగా పరిహారం చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకొనవలసినదిగా ఆదేశించింది. ఎడ్లబండ్ల విషయంలో, పశువులు లాగే బరువుకు కేంద్ర ప్రభుత్వం 1965లో చేసిన నియమాలు పరిమితి విధించాయి.

ఇతర దేశాలలో

అమెరికాలో కార్ల వెనుక చిన్న ట్రైలర్లను తగిలించి ఇల్లు మారడం సాధారణం. అక్కడ స్థిరపడిన తెలుగువారు కూడా వీటిని అద్దెకు తీసుకొంటారు. ట్రైలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం హుక్కు మీద పడాలని అక్కడి సాధారణ నియమం. సరుకులో 60 శాతం ముందు సగంలో వేయమని అద్దెకిచ్చే యూ-హాల్ సంస్థ సూచిస్తుంది. బ్రిటనులో కారవానులకు 5 నుండి 7 శాతం సరిపోతుందని చెబుతారు. వెనుక బరువు ఎక్కువైన ట్రైలరు వేగం పెరిగిన కొద్దీ పాము వలె అటూ ఇటూ ఊగి, చివరకు కారును కూడా లాగివేస్తుంది. ట్రాక్టరు వేగం తక్కువ కాబట్టి ఈ ఊగుడు ఇక్కడ అరుదు. ఇక్కడి ప్రమాదం గట్టు ఎక్కేటప్పుడు, గాడిలో దిగినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు వస్తుంది. రెండుచోట్లా సూత్రం మాత్రం ఒకటే.

ఇవి కూడా చూడండి

* ఎడ్లబండి
* ట్రాక్టరు
* గరిమనాభి
* తులాదండము
* కాకుమాను