సూర్యశక్తితో పంటలను ఆరబెట్టుట

గింజ ఆరవలెనన్న ఎండ కావలెనని రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. కల్లములో వరి, వేరుసెనగ, మిరప ఆరుట ఏటేటా చూచునదే. అయినను పంటను ఎండలో పరచుట వేరు, ఎండలోని శక్తిని పట్టి పంటకు వినియోగించుట వేరు. ఈ రెండవ పని సాధ్యమగుటకు చాల కాలము పట్టినది.

జెనీవా నగరమునకు చెందిన సొస్సూర్ అను శాస్త్రజ్ఞుడు 1767లో అద్దపు మూతలుగల పెట్టెలతో ప్రయోగములు మొదలిడెను. కాంతి అద్దముగుండా లోనికి పోయి నల్లని అడుగును వేడిచేయును. ఆ వేడిమి సులభముగా వెలుపలికి రాజాలదు. తుదకు అతని పెట్టెలో నీరు మరుగునంతటి వేడిమి కలిగెను. తరువాత వచ్చిన సూర్యుని పొయ్యిలకు ఇదియే మూలము.

కాని గింజ ఆరుటకు వేడిమి ఒక్కటే చాలదు. గింజ విడిచిన ఆవిరిని మోసికొనిపోవుటకు గాలి కదలవలెను. 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నూటికి 80 పాళ్లు సాపేక్ష ఆర్ద్రతగల గాలిని 40 డిగ్రీలకు వేడిచేసినచో, ఆ ఆర్ద్రత సుమారు 46 పాళ్లకు దిగును. అనగా పది డిగ్రీల వేడిమితోనే గాలికి దప్పిక పెరుగును. కావున ఆరబెట్టు సాధనమునకు మిక్కుటమైన వేడిమికన్న, కొద్దిగా వేడెక్కి కదలుచుండు గాలి ముఖ్యము.

ఆరుట ఆలస్యమైనచో కలుగు హాని 1960లో లోకమునకు స్పష్టముగా తెలిసినది. ఆ యేడు ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయెను. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ చెక్కలో బూజు పుట్టించిన విషము దీనికి కారణమని పరిశోధకులు కనుగొనిరి. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. తేమగా నిలువచేసిన గింజలలో ఈ బూజు పెరుగును. మనుష్యులలో ఇది కాలేయపు క్యాన్సరుకు దారితీయును.

ఇదే దశాబ్దములో ఆసియా వరిపొలములకు కొత్త చిక్కు వచ్చినది. 1966లో ఫిలిప్పీన్సు నుండి వెలువడిన ఐ.ఆర్. 8 వంటి స్వల్పకాలిక వంగడములతో రెండవ పంట సాధ్యమయ్యెను. కాని అది పలుచోట్ల వానకాలమున కోతకు వచ్చెను. తడిసిన వడ్లు కుప్పలోనే వేడెక్కి, రంగు మారి, మొలకెత్తసాగెను.

బాంకాకు సమీపమునగల ఆసియా సాంకేతిక విద్యాసంస్థలో ఎక్సెల్, కోర్నసాకూ అనువారు 1970 దశాబ్దపు చివరిభాగమున దీనికొక సాధనమును రూపొందించిరి. వెదురు చట్రముపై పారదర్శకమైన ప్లాస్టిక్ పొర కప్పిరి. నేలపై కాల్చిన నల్లని ఊక పరచిరి. అచట వేడెక్కిన గాలి వడ్ల పొరగుండా పైకి పోయి, ఎత్తయిన నిలువు గొట్టమునుండి వెలువడును. యంత్రము లేదు, వంటచెరకు లేదు. వాన కురిసినను వడ్లు తడియవు. వాన వెలిసినంతనే పని సాగును.

ఈ పని స్వల్పమైనది కాదు. నూటికి 22 పాళ్లు తేమగల 1000 కిలోగ్రాముల వడ్లను 14 పాళ్లకు తెచ్చుటకు సుమారు 93 కిలోగ్రాముల నీటిని ఆవిరిచేయవలెను. విద్యార్థులు దీనిని లెక్కించి చూడవచ్చును: ఆరుటకు ముందును పిమ్మటను నీరు కాక మిగిలిన పదార్థము 780 కిలోగ్రాములే.

అయినను ఇట్టి సాధనములు ఆశించినంతగా వ్యాపించలేదు. ప్లాస్టిక్ పొర ఎండకు పెళుసై చినుగును. ఏటికి కొన్ని వారములే పని. ఆరిన వడ్లకు తగిన హెచ్చుధర లేనిచోట రైతు దీనిపై ఖర్చుపెట్టుటకు వెనుదీయును.

1980 దశాబ్దములో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయమువారు సొరంగమువంటి సాధనమును నిర్మించిరి. ఇందు సూర్యకాంతితో పుట్టిన విద్యుత్తు చిన్న పంకాలను త్రిప్పును. ఎండ హెచ్చిన గాలి హెచ్చును, మబ్బు పట్టిన తగ్గును. ద్రాక్ష, మిరప, పండ్లవంటి విలువగల పంటలకు ఇది ఎక్కువగా ఉపకరించినది.

ఎండ ఉచితమే, దానిని పట్టు పెట్టె ఉచితము కాదు. ఆ పెట్టెకైన ఖర్చు ఆరిన పంట ధరలో రైతునకు తిరిగి వచ్చినచోటనే ఈ విద్య నిలిచినది.