గుండ్లకమ్మ రేవు, వెల్లంపల్లి

ఐరోపా నగరాలు చూచివచ్చిన మిత్రులు అక్కడి చర్చీల శిఖరాలను, రంగుటద్దాలను వర్ణిస్తూ ఉంటారు. జర్మనీలోని కొలోన్ చర్చి నిర్మాణం 1248లో మొదలై 1880లో ముగిసిందట. ఆ శిఖరాలపై శిల్పులు ఇంకా ఉలి పట్టుకొని ఉన్న రోజుల్లోనే, 1878 జూలైలో, మన గుండ్లకమ్మ నీళ్ళలో మరొక చరిత్ర నడిచింది. దానికి గోపురం లేదు, గంట లేదు. ఉన్నదల్లా రేవు.

నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మా మార్కాపురం సీమమీదుగా సాగే ఏరే అది. తర్లుపాడువాడికి ఆ నీరు పరాయిది కాదు గనుక పొదిలి మీదుగా ఒంగోలు పోయి, అక్కడికి ఉత్తరాన పది మైళ్ళలో ఉన్న వెల్లంపల్లిని రెండుమార్లు చూచివచ్చాను.

అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట అగ్రవర్ణాల పిల్లలు ఆయన బడికి వచ్చారు. మాల మాదిగలను చేర్చుకుంటే మేము రామని పెద్దలు స్పష్టంగా చెప్పారు. ఆ రాత్రి ఆయనా, ఆయన భార్య హారియెట్టూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని వారు చెప్పుకున్నారు. దానిని దైవనిర్ణయమన్నా, యాదృచ్ఛికమన్నా ఫలితం మాత్రం ఒకటే: బడి ఖాళీ అయింది, మాదిగవాడ తలుపు తెరుచుకుంది.

ఆ తలుపు దగ్గర నిలిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. కనిగిరి ప్రాంతంలోని తాళ్ళకొండపాడు ఆయనది. తోళ్ళ వ్యాపారి, రాజయోగ మార్గంలో సాధన చేసినవాడు. వ్యాపారానికై ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరులో క్రైస్తవబోధ విన్నాడు. తత్త్వాలు పాడుకొనే పల్లెల్లో అంతకుముందే దైవజిజ్ఞాస ఉన్నదని పేరయ్య కథ చెబుతుంది. దొరలు వచ్చి ఖాళీ మనస్సుల్లో మతం నింపారనేవారు ఈ అధ్యాయం చదవలేదని నా అభిప్రాయం.

తరువాత 1876-78 నాటి కరువు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తున్నది. ఇతర పనిచోట్ల మేస్త్రీల దౌర్జన్యానికి నిమ్న కులాలవారు హడలిపోతుంటే, క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ పని తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. యౌవనంలో మిన్నెసోటాలో భూమి సర్వే చేసిన అనుభవం అప్పుడు అక్కరకు వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, కూలి సక్రమంగా ఇప్పించాడు.

"గంజి కోసం మతం మార్చారు" అన్న మాట మా ఉద్యోగ జీవితంలో ఉపాధ్యాయుల గదిలో ఎన్నిమార్లో విన్నాను. అన్నానికి ఇందులో పాత్ర లేదని నేననను. అయితే కరువు నడిచిన పదిహేను నెలలపాటు క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయధనం ఇక లేదని చెప్పిన తరువాతనే తిరిగి మొదలుపెట్టాడు. జనం అప్పుడూ వచ్చారు. గంజి ఆగినా ఆగని రాకకు కారణం వెదకాలంటే, తమను పేరు పెట్టి పిలిచి కూలి లెక్కగట్టి చేతిలో పెట్టినవారిని వారెలా చూచారో ఆలోచించాలి.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది; మూడు రోజుల్లో 3,536. మూడో తేదీన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి, మధ్యాహ్నం విరామం పోను తొమ్మిది గంటల్లో పని ముగించారు. ఆ రోజు క్లౌ తాను ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. ఈ వివరం నాకు మిక్కిలి ఇష్టం. ఇచ్చినవారూ తెలుగువారే, పుచ్చుకున్నవారూ తెలుగువారే.

పేరయ్య మొదలైనవారి కథలను క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వారివద్దనే విని, 1899లో ఆంగ్లంలో ఒక పుస్తకంగా వెలువరించింది. చెప్పులు కుట్టుకుంటూ అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టింది. పండిత పరీక్షకు మేము చదివిన సాహిత్య చరిత్రల్లో పేరయ్య పేరు లేదు. నేను చూచినప్పుడు రేవులో ఒక పశువుల కాపరి ఎడ్లను కడుగుతున్నాడు. ఇదే చోటా అని అడిగితే, "ఇదే పంతులుగారూ, మా తాతల తాతలు మునిగిన నీళ్ళు" అన్నాడు.