తెల్లబట్టకు గర్భసంచి తీసుడేంది?

మా అక్కకు ముప్పై ఏండ్లు నిండకముందే గర్భసంచి తీసేసిన్రు. ఆమె ప్రైవేటు దవాఖాన్ల చెప్పుకున్నది రెండే ముచ్చట్లు: తెల్లబట్ట అయితుంది, కింద దురద ఆగుతలేదు. "ఉంచితే క్యాన్సర్ అయితది" అన్నరు. రెండు బర్లు అమ్మి ఆపరేషన్ చేయించినం. ఏడాది తిరగకముందే అదే దురద మళ్ల వచ్చింది. సర్కారు దవాఖాన్ల రక్తం చూస్తే షుగర్ బయటపడ్డది. ఆ దురద గర్భసంచిల పుట్టింది కాదని నాకు గప్పుడు అర్థమైంది.

చెల్లెలారా, తమ్ముళ్లారా, సిగ్గుపడి ఫోన్ పక్కకు పెట్టకున్రి.

ఆ దురద ఎక్కువసార్లు ఈస్ట్‌తోని వస్తది. ఈస్ట్ అంటే ఒక రకం ఫంగస్, దీని పేరు క్యాండిడా. మన నోట్లె, పేగులల్ల, ఆడోళ్ల యోనిల కొద్దిగ ఉండేదే. అక్కడి మంచి బ్యాక్టీరియా దాన్ని అదుపుల పెడ్తది. జ్వరానికో దగ్గుకో యాంటీబయాటిక్ వాడినప్పుడు ఆ మంచి బ్యాక్టీరియా చస్తది, ఈస్ట్ చెలరేగుతది. షుగర్ ఉన్నోళ్లకు, కడుపుతోని ఉన్నోళ్లకు, స్టెరాయిడ్లు వాడేటోళ్లకు ఇంకా తొందరగ వస్తది. నలుగురు ఆడోళ్లల్ల ముగ్గురికి జీవితంల ఒక్కసారన్నా వస్తదని డాక్టర్ల అంచనా. దీన్ని సుఖరోగాల లెక్కల వేయరు. పెండ్లాం మీద అనుమానపడే తమ్ముళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలె.

గుర్తుపట్టుడు ఎట్ల? విరిగిన పాల లెక్క తెల్లగ, గడ్డలుగ పడ్తది, దురద, మంట ఉంటయి, వాసన పెద్దగ ఉండదు. చేపల వాసన వస్తే, పసుపో ఆకుపచ్చో రంగుల నురుగు లెక్క అయితే అది వేరే ఇన్ఫెక్షన్, మందు కూడా వేరే. పొత్తికడుపు నొప్పి, జ్వరం, రక్తం కనపడితే ఆగకుండ దవాఖానకు పోవాలె. దురద, వాసన ఏం లేకుండ నెల మధ్యల పల్చగ, జిగటగ అయ్యేది అసలు రోగమే కాదు.

"బొక్కలు కరిగి తెల్లబట్టగ పోతయి" అని మా నాయినమ్మ అనేది. అబద్ధం. కానీ గర్భసంచితోపాటు అండాశయాలు గూడ తీసేస్తే బొక్కలు నిజంగనే బలహీనమైతయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15-49 ఏండ్ల ఆడోళ్లల్ల గర్భసంచి తీసేసినోళ్లు దేశం మొత్తం మీద 100కు 3 మంది చిల్లర. తెలంగాణల దగ్గర దగ్గర 8, ఆంధ్రల 9. అన్నీ అక్కర లేనివి అంటలేను, గడ్డలకు, ఆగని రక్తానికి తీసినయి ఉన్నయి. కానీ తెల్లబట్ట, నడుం నొప్పి అని పోయి సంచి తీయించుకొని వచ్చినోళ్లు నాకు ఊర్లల్ల మస్తు మంది కలిసిన్రు.

మందు ఎంత? మామూలు ఈస్ట్‌కు ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల గోలి ఒక్కటే సరిపోతది. లేదంటే లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ గోలీలు. సర్కారు దవాఖానల సురక్ష క్లినిక్‌ల తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్ 2 పైసా లేకుండ ఇస్తరు. అండ్ల ఫ్లూకొనజోల్ ఉంటది, బ్యాక్టీరియాకు సెక్నిడజోల్ గూడ ఉంటది. కడుపుతోని ఉన్నోళ్లు మాత్రం మింగే గోలి సొంతంగ వేసుకోవద్దు. వాళ్లకు డాక్టరు క్లోట్రిమజోల్ ఏడు రోజులు రాస్తడు. లివర్ జబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందే చెప్పాలె. క్లోట్రిమజోల్ క్రీముతోని కండోమ్ చినిగే ప్రమాదం ఉంటది, ఆ కొన్ని రోజులు ఆగున్రి.

మెడికల్ షాపుల అడగంగనే ఇచ్చే దురద ట్యూబు తేకున్రి. శానా వాటిల్ల స్టెరాయిడ్ కలుస్తది. రెండు రోజులు సల్లగుంటది, తర్వాత ఫంగస్ ఇంకా పెరుగుతది. లోపల పెరుగు, ఎల్లిపాయ పెట్టుకొమ్మని వచ్చే వీడియోలు గూడ పక్కకు పెట్టున్రి.

రాకుండ ఉండాలంటే లోపల సబ్బు, డెటాల్ పెట్టి కడుగుడు బంద్ చేయాలె, మంచి నీళ్లు చాలు. నాట్ల తడి బట్టల మీద పొద్దందాక ఉండకుండ ఇంటికి రాంగనే మార్చుకోవాలె. లోపలి బట్టలు కాటన్‌వి, ఎండల ఆరేసినవి కావాలె. మా ఇండ్లల్లనేమో వాటిని చీర కింద దాచిపెట్టి, నీడకు ఆరేస్తరు.

ఏడాదిల మూడు నాలుగు సార్లు తిరగబెడితే షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోవాలె. అప్పుడు డాక్టరు వారానికో గోలి లెక్క ఆరు నెలలు గూడ ఇస్తడు. మొగోనికి అంగం చివర ఎర్రగై దురద పెడితే ఆయనకూ మందు కావాలె. ఏం లేకపోతే అక్కర్లేదు.