చక్రాల మీద ఫిగర్ స్కేటింగ్: జాతీయ జట్టు ఎంపిక

హైదరాబాదులో ఫిగర్ స్కేటింగ్ అంటే ప్రధానంగా చక్రాల ఆట. నాగోల్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పిల్లలు నేర్చుకునేది నున్నటి నేల మీద, నాలుగు చక్రాల బూట్లతో. గాలిలోకి దూకడం, ఒంటికాలి మీద గిరగిరా తిరగడం, పాటకు తగ్గట్టు అడుగులు వేయడం మాత్రం మంచు మీద ఆటలో ఉన్నవే. పోటీల్లో దీన్ని ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. 1924లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో పుట్టిన ప్రపంచ సంస్థ 2017లో వరల్డ్ స్కేట్‌గా మారింది. తొలి ప్రపంచ పోటీలు 1947లో వాషింగ్టన్‌లో జరిగాయి. భారత్ నుంచి జట్టును పంపేది 1955లో ఏర్పడిన రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌కు తొలిసారి చోటు దక్కినప్పుడు హైదరాబాద్ స్కేటర్ అనూప్ కుమార్ యామ సింగిల్స్‌లో ఒకటి, అవనీ పంచాల్‌తో జోడీగా మరొకటి, రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు.

జిల్లా, రాష్ట్రం, నేషనల్స్ అనే మెట్ల వరుస అందరికీ తెలిసిందే. తేలని ప్రశ్న ఆ తర్వాతది: నేషనల్స్‌లో ముందు నిలిచినవారే జట్టా, లేక అంతకుముందు చూపిన ఆటనూ లెక్కలోకి తీసుకోవాలా? ఆ రోజు ఆ హాల్లో ఉన్నవారిలో ఎవరు మెరుగో ర్యాంకు చెబుతుంది, అంతే. విదేశీ పోటీలో నిలబడగలరా అన్నది చెప్పేది మార్కులు. మంచు మీది ఆటలో దీనికి ఉదాహరణలున్నాయి. 1994 జనవరిలో అమెరికా జాతీయ పోటీలకు ముందు దాడిలో మోకాలికి దెబ్బ తగిలి నాన్సీ కెరిగన్ బరిలోకే దిగలేదు. అయినా ఆమెను ఒలింపిక్ జట్టులోకి తీసుకున్నారు. రెండో స్థానంలో నిలిచిన పదమూడేళ్ల మిషెల్ క్వాన్ రిజర్వుగా మిగిలింది. కెరిగన్ రజతం గెలిచింది. 2014లో అవే జాతీయ పోటీల్లో మూడో స్థానం సాధించిన మిరాయ్ నగాసును పక్కనపెట్టి, నాలుగో స్థానంలో ఉన్న ఆష్లీ వాగ్నర్‌ను పంపారు. ఏడాది పొడవునా ఆమె ఆట మెరుగ్గా ఉందన్నది అక్కడి కమిటీ వాదన. నగాసుకు అది ఎంత కష్టంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ అంతకుముందటి ఆటనూ లెక్కించవచ్చన్న నియమం పోటీలకు ముందే కాగితం మీద ఉంది.

కమిటీకి విచక్షణ ఇస్తే పలుకుబడి ఉన్నవారి పిల్లలే వెళ్తారన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కోర్టులు కూడా ఇందులో వేలు పెట్టడానికి ఇష్టపడవు. 2016లో తోటి మల్లయోధుడు నర్సింగ్ యాదవ్‌తో తనకు ట్రయల్ పెట్టాలని సుశీల్ కుమార్ వేసిన పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చి, ఎంపికను ఫెడరేషన్‌కే వదిలేసింది. కాబట్టి రక్షణ నియమంలోనే ఉండాలి. వరల్డ్ స్కేట్ తెచ్చిన రోల్‌ఆర్ట్ విధానం అందుకు పనిముట్టు. ప్రతి జంప్‌కూ, ప్రతి స్పిన్‌కూ మూల విలువ ఉంటుంది. చేసిన తీరును బట్టి జడ్జీలు దాన్ని పెంచుతారు, తగ్గిస్తారు. మంచు మీది ప్రపంచ పోటీలకు వెళ్లాలంటే ఇప్పటికే కనీస సాంకేతిక మార్కులు తెచ్చుకోవాలి. మన జట్టు ఎంపికకూ అలాంటి గీత పెట్టాలి. విదేశాలకు వెళ్లే స్తోమత లేని పిల్లలకు ఆ మార్కులు ఎక్కడివని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అదే పద్ధతిలో మార్కులు వేయగల జడ్జీలతో దేశంలోనే రెండు మూడు పోటీలు పెట్టి, వాటినీ లెక్కించాలి.

ఇలాంటి మార్కుల లెక్క లేకపోతే ఏమవుతుందో 2023 చూపింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల కోసం కేంద్ర క్రీడాశాఖ మార్గదర్శకాలిచ్చింది. కొలవగలిగే వ్యక్తిగత అంశాల్లో 2018 క్రీడల ఎనిమిదో స్థానపు ప్రదర్శనే గీటురాయి. కానీ 2018 జకార్తా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగే లేదు. వెనక్కి వెళ్తే ఉన్నది గ్వాంగ్‌జౌ లెక్క ఒక్కటే, అది రోల్‌ఆర్ట్ రాకముందు వేసిన మార్కులది కాబట్టి పోల్చడానికి పనికిరాదు.